నోరు తెరవండీ అనే ఆయమ్మగారు

ఆయమ్మగారు పోయారని మా అమ్మ ఫోన్ చేసేసరికి నేను తాడేపల్లిగూడెంలో స్కూలుకి బయల్దేరుతున్నాను.

"తెల్లారగట్లే పోయార్రా. గంజి పట్టుకెళ్ళి చూస్తే పలకలేదు. నువ్వొచ్చెయ్యి," అంది అమ్మ.

వస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఏడుపు రావడానికి ముందు నేనొక పని చేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అద్దం దగ్గరికి వెళ్ళి, నోరు తెరిచి, నాలుక బయటపెట్టి చూసుకున్నాను. ఏమీ లేదు. అప్పుడు కూర్చుని ఏడ్చాను. ఆ ఉదయం మా ఊళ్ళో పెద్దవాళ్ళు చాలామంది ఇదే పని చేసి ఉంటారు. ఒప్పుకోరు, అంతే.

మాది పెదపాడు దాటి కొల్లేటి వైపు పోతే చేపల చెరువుల గట్ల మధ్య ఉండే చిన్న ఊరు. ఆవిడ మా ఎదురింట్లో ఉండేవారు. భర్త చిన్నతనంలోనే పోయారు, పిల్లలు లేరు. ఏలూరులో ఒక ఆసుపత్రిలో నలభై ఏళ్ళకు దగ్గరగా ఆయాగా పనిచేశారు. రోజూ మొదటి బస్సుకి వెళ్ళి, దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చేవారు. లేవలేని రోగులకు ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, నోరు శుభ్రం చేయడం ఆవిడ పని. వేలికి తడిగుడ్డ చుట్టుకుని చిగుళ్ళు, బుగ్గల లోపలి భాగం, నాలుక తుడిచేవారు. డాక్టర్లు గుండె విన్నారు, నర్సులు నాడి చూశారు. ఆవిడ మాత్రం అన్నేళ్ళూ నోళ్ళు చూశారు.

దాంతో ఆవిడకొక అలవాటు పట్టుకుంది. ఎవరితో మాట్లాడినా కళ్ళలోకి చూసేవారు కాదు. చూపు పెదవుల మీద నిలిపేవారు. మనం మాట కోసం నోరు తెరిచినప్పుడల్లా ఆ చూపు లోపలికి వెళ్ళి, ఏదో వెతికి, బయటికొచ్చేది. చిన్నప్పుడు నాకు ఆవిడ ఇంటికి పంచదారకి వెళ్ళాలంటే ఒళ్ళు జలదరించేది. బొడ్డులో దోపుకున్న చిన్న టార్చిలైటు తీసి, "ఏదీ, ఒకసారి నోరు తెరవండీ," అనేవారు. ఐదేళ్ళ పిల్లలకైనా అండీ అనే మాట తప్పేది కాదు. చూసి, "బావుందండీ, వెళ్ళి ఆడుకోండీ," అని లైటు ఆర్పేసేవారు.

ఆవిడ రిటైరై పూర్తిగా ఊళ్ళోనే ఉండటం మొదలయ్యాక ఆ భయం పెద్దవాళ్ళకీ పట్టింది.

మొదట వలలు అల్లే పెద్దాయన సంగతి. ఒక ఆదివారం చర్చి మెట్ల మీద ఆయనేదో చెప్పి నవ్వుతున్నారు. ఆయమ్మగారు దగ్గరికెళ్ళి, "మీ నోట్లో తెల్లపూత ఉందండీ. ఎన్నాళ్ళ నుంచండీ?" అని అడిగారు.

"ఇప్పుడే టీ తాగానమ్మా. పాలపొరేమో."

"పాలపొరయితే నీళ్ళు పుక్కిలిస్తే పోతుందండీ. ఇది తుడిస్తే కింద ఎర్రగా పచ్చిపుండులా ఉంటుంది. మీరు చిక్కిపోయారు కూడా. రక్తపరీక్ష చేయించుకోండీ."

ఆయన ఇంకా గట్టిగా నవ్వారు. కొన్నాళ్ళకి నవ్వు లేదు. రక్తంలో ఏదో జబ్బని తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

మరుసటి సంవత్సరం కైకలూరు ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే మా వీధాయనకి ఆవిడ అదే మాట చెప్పారు. ఆయన పొద్దస్తమానూ చుట్ట కాల్చేవాడు. షుగరు ఉందని తెలిసీ మందు మింగేవాడు కాదు. పెదవుల మూలలు పగిలి, నాలుక మీద పెరుగు తరకల్లాంటి మచ్చలు వచ్చాయి. "మీ షుగరు అదుపు తప్పిందండీ. ఈవేళే వెళ్ళండీ," అని ఆవిడ ఆయన వెనకాలే గుమ్మం దాకా నడిచారట. ఆయన వెళ్ళలేదు. కాలికి పుండు పడి, అది పైకెక్కి, ఆ వేసవిలోనే పోయాడు.

రెండు చావులు చాలాయి. ఆవిడ తెల్లపూత చూడటం లేదు, పెడుతోందని ఎవరో అన్నారు. అన్నదెవరో ఎవరికీ తెలియదు. మాట మాత్రం నిలిచిపోయింది.

డిసెంబరులో కొల్లేటి మంచు దిగితే మా వీధిలో ఎదుటి ఇల్లు కనబడదు. సెలవులకి వచ్చినప్పుడు ఒకరోజు తెల్లవారాక గట్టు మీదికి వెళ్ళాను. మంచులోంచి ముందు చెప్పుల చప్పుడు వినబడింది. చెరువుల మీదికి పనికి పోతున్నవాళ్ళు ఆ చప్పుడు వినగానే ఆగిపోయారు. మగవాళ్ళు తువ్వాళ్ళతో, ఆడవాళ్ళు పైట చెంగులతో నోళ్ళు మూసుకున్నారు. గట్టు పొడవునా పదిమంది నిలబడి ఉన్నారు. కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. వాళ్ళ మధ్యలోంచి ఆయమ్మగారు చేతిలో పాలచెంబుతో, "బావున్నారా అండీ? మీరు బావున్నారా అండీ?" అని ఒక్కొక్కరినీ పలకరిస్తూ వెళ్ళారు. ఒక్కరూ బదులివ్వలేదు. ఆవిడ మళ్ళీ మంచులో కలిసిపోయాక గాని ఎవరూ కదల్లేదు.

నేనూ జేబురుమాలు అడ్డం పెట్టుకునే నిలబడ్డాను.

చనిపోయినవాళ్ళే ఊరికి గుర్తున్నారు గాని, బాగుపడ్డవాళ్ళు గుర్తులేరు. మా మామ్మనే తీసుకోండి. ఆవిడకి కట్టుడుపళ్ళు. పగలూ రాత్రీ తీసేది కాదు. నిద్రలో ప్రాణం పోతే బోసినోటితో దేవుడి దగ్గరికెళ్ళాల్సొస్తుందని భయం. అంగిట్లో మంట, ఏం తిన్నా కారంగా ఉండటం మొదలయ్యాయి. ఆయమ్మగారు వచ్చి, పళ్ళు తీయించి, లైటు వేసి చూశారు.

"దేవుడు పళ్ళు చూడడండీ మామ్మగారూ. పడుకునేముందు తీసేసి, బ్రష్షుతో తోమి, నీళ్ళలో వేయండీ. వాటి కింద చెమ్మగా, చీకటిగా ఉంటుంది. బూజుకి అంతకన్నా ఏం కావాలండీ?"

నోట్లో రాసుకునే మందు డాక్టరుచేత రాయించి తెచ్చింది కూడా ఆవిడే. అప్పట్నుంచి మా కిటికీలో గాజుగ్లాసులో ఆ పళ్ళు ఉండేవి. తెల్లవారేసరికి వాటి మీద ఎండ పడి, నీళ్ళలో ఎవరో నవ్వుతున్నట్టుండేది. మామ్మ ఆ తర్వాత నాలుగేళ్ళు హాయిగా చేపల పులుసు తిని బతికింది.

అలాగే వీధి చివరింట్లో నెల పాప. నాలుక మీద తెల్లటి మచ్చల్ని పాలనుకుని వాళ్ళమ్మమ్మ గుడ్డతో రుద్దుతుంటే రక్తం వచ్చింది. "రుద్దకండీ, పాపకీ తల్లికీ ఇద్దరికీ మందు వాడాలి, లేకపోతే పాలతో మళ్ళీ వస్తుంది," అని ఆసుపత్రికి పంపింది ఆయమ్మగారే. పాపకి తగ్గింది. కానీ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ పాపని ఆవిడ చేతికివ్వలేదు. పెళ్ళిళ్ళకి పిలవడం కూడా మెల్లగా మానేశారు.

ఇక నా సంగతి. ఆరేళ్ళ కిందట నాకు ఆయాసం ఎక్కువై, గూడెంలో డాక్టరుగారు రోజూ పీల్చుకునే పంపు ఇచ్చారు. ఊపిరి బావుండేది. మూడు నెలలకి గొంతు బొంగురుపోయింది. క్లాసులో పద్యం చెప్తుంటే వెనక బెంచీకి వినబడేది కాదు. నోట్లో దూది కుక్కినట్టుండేది. అన్నం, మజ్జిగ, చేప, అన్నీ ఒకటే రుచి, తడి కాగితం నమిలినట్టు. ఒకరోజు అద్దంలో చూసుకుంటే బుగ్గల లోపల తెల్లటి మచ్చలు. వెంటనే నాకు డాక్టరు గుర్తు రాలేదు. వలలు అల్లే పెద్దాయన నవ్వు గుర్తొచ్చింది.

ఎవరికీ చెప్పలేదు. ఆ శనివారం ఊరికి వెళ్ళాను. ఆయమ్మగారు ఎదురింటి అరుగు మీద కూర్చుని ఉన్నారు. రుమాలు అడ్డం పెట్టుకుని గబగబా లోపలికి పోయాను. ఆదివారం పొద్దున్న తలుపు తీస్తే ఆవిడ మా గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. వెనకాల అంతా మంచు.

"నోరు మూసుకుని తిరుగుతున్నారేంటండీ మేష్టారూ?" అన్నారు.

నేను తలుపు వేసేశాను. ఆవిడ ముఖం మీదే వేశాను. లోపల్నుంచి అమ్మ, "అదేంట్రా, ఎవరొచ్చారు?" అంటే, "ఎవరూ లేరు," అన్నాను. తలుపు అవతల ఆవిడ వెళ్ళే చప్పుడు చాలాసేపు వినబడలేదు. అక్కడే ఉన్నారు.

సోమవారం మొదటి బస్సెక్కాను. బస్సు కదిలే ముందు ఆయమ్మగారు ఎక్కి, నేరుగా వచ్చి నా పక్కన కూర్చున్నారు. మా ముందు సీటులో ఉన్న ఇద్దరూ లేచి వెనక్కి పోయారు. అద్దాల బయట చెరువులు లేవు, గట్లు లేవు. అంతా తెల్లగా ఉంది.

"గొంతు మారిందండీ," అన్నారు పెదపాడు వచ్చాక.

"జలుబండీ."

"అన్నం రుచి తెలుస్తోందా అండీ?"

నేను తల అడ్డంగా ఊపాను. రుమాలు తీయలేదు. ఆవిడ నా వైపు తిరగకుండా ముందుకు చూస్తూనే అన్నారు. "నేను చూసినా చూడకపోయినా ఉండేది ఉంటుందండీ మేష్టారూ. చూస్తే దాని పేరు తెలుస్తుంది."

ఎందుకో తెలియదు, ఆ మాటకి నా చెయ్యి కిందికి దిగిపోయింది. నోరు తెరిచాను. ఆవిడ టార్చి వేశారు. బస్సులో మాటలన్నీ ఆగిపోయాయి. కండక్టరు కూడా కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ లైటు నా గొంతులోకి వెళ్తుంటే ఇంకెన్నాళ్ళని చెప్తారో అని ఎదురుచూశాను.

"ఆయాసానికి పంపు పీలుస్తున్నారా అండీ?"

"అవునండీ."

"పీల్చాక నీళ్ళు పోసుకుని పుక్కిలించి ఉమ్ముతున్నారా?"

నేను నోరు మూసి ఆవిడ వైపు చూశాను. పంపుతో వచ్చిన కాగితంలో ఏదో రాసి ఉంది. మడత కూడా విప్పలేదు. "లేదండీ," అన్నాను.

"మందు కొంతే ఊపిరితిత్తుల్లోకి పోతుందండీ. మిగిలింది నోట్లో, గొంతులో కూర్చుంటుంది. అది కూర్చున్నచోట ఒంటి కాపలా కునుకు తీస్తుంది. అప్పుడు బూజు లేస్తుంది. అంతేనండీ."

"అంతేనా అండీ?"

"అంతేనని నేనెలా చెప్తానండీ, నేను ఆయాని. మొన్న జ్వరానికి యాంటీబయాటిక్కులు రెండుసార్లు వాడారట, ఊరికే నీళ్ళు తాగుతున్నారట, మీ అమ్మగారు చెంగు అడ్డం పెట్టుకునే చెప్పారు. దిగగానే షుగరు చూపించుకోండీ. పంపు మాత్రం మీ అంతట మీరు మానకండీ, డాక్టరుగార్ని అడగండీ."

ఏలూరులో దిగాక ఆవిడ రోడ్డు దాటి, తిరిగి మా ఊరెళ్ళే బస్సు కోసం నిలబడ్డారు. ఆవిడకి ఏలూరులో పనేమీ లేదు.

నాకు షుగరు బయటపడింది. చాలా ఎక్కువే ఉంది. డాక్టరుగారు ఆయమ్మగారి మాటే ఇంకో భాషలో చెప్పి మందులు రాశారు. పంపు పీల్చాక పుక్కిలించడం మొదలుపెట్టాను. రెండు వారాలకి మచ్చలు పోయాయి. ఒకరోజు మధ్యాహ్నం స్టాఫ్‌రూములో పప్పన్నం నోట్లో పెట్టుకుంటే చింతకాయ పులుపు తగిలింది. అన్నం ముందు కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను.

ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. టీ ఇచ్చారు. ఆ ఇంట్లో ఊరివాళ్ళు టీ తాగి ఎన్నేళ్ళయిందో కప్పు చూస్తే తెలిసింది. కొత్తది, అంటించిన ధర కాగితం కూడా పూర్తిగా ఊడలేదు.

"తలుపేశానండీ, క్షమించండీ," అన్నాను.

"అందరూ వేసేదే కదండీ."

"మీకు కోపం రాదా అండీ?"

"మొదట్లో ఏడ్చానండీ. తర్వాత కనిపెట్టాను. నన్ను చూసి నోరు మూసుకున్నవాళ్ళు ఇంటికెళ్ళి అద్దంలో చూసుకుంటున్నారండీ. నన్ను ఏమనుకుంటే ఏముంది, చూసుకుంటున్నారు కదా." నా కప్పులో ఇంకాస్త టీ పోస్తూ అన్నారు. "ఆ బూజు బయట్నుంచి రాదండీ మేష్టారూ. చాలామంది నోళ్ళలో ఉండేదే. మీకు ఉంటుంది, నాకు ఉంటుంది. చప్పుడు చేయకుండా కూర్చుని ఉంటుంది. మనం ఎప్పుడు నీరసపడతామా అని."

ఆ మాట విన్నాక టీ కప్పు కింద పెట్టేశాను. ఇప్పటికీ ఒక్కోసారి క్లాసులో పిల్లలంతా ఒక్కసారిగా నోళ్ళు తెరిచి అప్పజెప్తుంటే ఆ మాట గుర్తొచ్చి వెన్ను చల్లబడుతుంది.

మధ్యాహ్నం వీధి ఖాళీగా ఉన్న వేళ ఆవిడ పెరటి తలుపు చప్పుడవుతుండేదని అమ్మ చెప్పేది. కొత్త మొహాల ఆడవాళ్ళు, తల నిండా ముసుగు వేసుకుని వచ్చేవారట. పావుగంటలో వెళ్ళిపోయేవారట. వాళ్ళెవరని ఆయమ్మగారిని అడిగితే, "నోళ్ళండీ," అని ఊరుకునేవారు.

పోయిన వేసవిలో ఆవిడ అరుగు మీదికి రావడం మానేశారు. నేను వెళ్ళేసరికి మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. సగానికి సగం అయిపోయారు. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నారు. నాకు అర్థమైంది. ఆవిడ తలగడ పక్కనున్న టార్చి తీసుకున్నాను.

"ఏదీ, ఒకసారి నోరు తెరవండీ," అన్నాను.

"వద్దండీ. మీరు భయపడతారు."

"భయపడే అడుగుతున్నానండీ."

చాలాసేపటికి చెంగు తీశారు. నాలుక, అంగిలి, గొంతు దాకా తెల్లగా ఉంది. నలభై ఏళ్ళు ఇంకొకరి నోట్లో చూసినదాన్ని తన నోట్లో ఎవరికీ చూపించకుండా, ఏమీ మింగలేక ఎన్నాళ్ళు కూర్చున్నారో. ఆ రోజే ఏలూరు తీసుకెళ్ళాను. లోపల పెద్ద జబ్బుందనీ, అది మానేది కాదనీ అన్నారు. నోటికి మాత్రం మందిచ్చారు. వారం తిరిగేసరికి నోరు తేరుకుంది. గంజి మింగగలిగారు. ఆ పాటి దానికే ఆవిడ పొంగిపోయారు. "ఉప్పు సరిపోయిందండీ," అన్నారు మా అమ్మతో, చిన్నపిల్లలా.

మామూలు రోజుల్లో అమ్మ, ఆదివారాలు నేను, వేలికి తడిగుడ్డ చుట్టుకుని ఆవిడ నోరు శుభ్రం చేసేవాళ్ళం. ఇన్నేళ్ళూ ఆవిడ ఎదురైతే చెంగు అడ్డం పెట్టుకున్న మా అమ్మే. "నెమ్మదిగా అండీ, చిగురు కోసుకుపోతుంది," అని పని నేర్పేవారు ఆయమ్మగారు. మా వేళ్ళు లోపల ఉండగానే చెప్పబోయేవారు.

ఆఖరి ఆదివారం వాన పడుతోంది. నోరు తుడిచి గుడ్డ పిండుతుంటే ఆవిడ నా భుజం మీదుగా పెరటి గుమ్మం వైపు చూస్తూ అన్నారు.

"వరసగా కూర్చున్నారండీ. అందరూ నోళ్ళు తెరుచుకుని. ఇంక మూసుకోండీ అంటే వినడం లేదు."

"ఎవరండీ?"

"ముఖాలు గుర్తులేవండీ. నోళ్ళే గుర్తున్నాయి."

నేను వెనక్కి తిరిగి చూశాను. పెరట్లో వాన తప్ప ఎవరూ లేరు. కానీ తిరిగి చూడటానికి నాకు కొంచెం ధైర్యం కావలసి వచ్చింది. ఆవిడ అలాగే చూస్తూ ఉన్నారు. బస్సు వేళ అయిందని నేను లేస్తుండగా, ఆవిడ ముఖంలో ఏదో బరువు దిగినట్టయింది.

"మూసుకుంటున్నారండీ," అన్నారు. "ఒక్కొక్కరే."

నాతో ఆవిడ అన్న ఆఖరి మాట అది. గురువారం పోయారు.

మా సమాధుల దిబ్బ ఊరికి అవతల ఉంది. వానలకి కొల్లేరు పొంగి దారి మునిగిపోవడంతో పెట్టెని దోనె మీద తీసుకెళ్ళాం. ఊరు మొత్తం రాలేదు. వచ్చినవాళ్ళు నేననుకున్నదానికన్నా ఎక్కువే. నల్లజర్ల వైపు నుంచి ఒకావిడ కాలేజీ చదివే కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఎవరమ్మా మీరని పాస్టరుగారు అడిగితే, "పదేళ్ళ కిందట నన్ను పరీక్షకి పంపారండీ. అప్పట్నుంచి మందులు వాడుతున్నాను, బావున్నాను," అంది. ఏ పరీక్షో, ఏ మందులో ఎవరూ అడగలేదు. ఆవిడ కూడా మాతో దోనె ఎక్కింది.

నీళ్ళ మీద గుర్రపుడెక్క ఒత్తుగా పరుచుకుని ఉంది. ముందు కూర్చున్నాయన గెడతో దాన్ని అటూ ఇటూ తోసి సన్నటి దారి చేస్తుంటే దోనె కదిలింది. కాసేపటికి నేను వెనక్కి తిరిగి చూశాను. మేము వచ్చిన దారి లేదు. ఆకులు మళ్ళీ దగ్గరికి జరిగి, ఒకదానికొకటి ఆనుకుని, ఎవరూ ఎప్పుడూ దాటనట్టు పచ్చగా, కదలకుండా ఉన్నాయి.